పిట్టగోడ, పక్షిగూడు



ఈ వారం రాయాలనుకున్న అంశం వేరే. దాన్ని పక్కనపెట్టి సీగల్ అనే పక్షి గురించి రాస్తున్నాం. నవ్వుకోకండి. మేము ఒక బిడ్డకు తప్పు సలహా ఇచ్చాం. దాన్ని దిద్దుకోవలసిన బాధ్యత మా మీద ఉంది. ఆమె సరేనన్న తరువాతే రాస్తున్నాం.

మన సంఘంలోనే పుట్టి, మన సండేస్కూల్లోనే వాక్యాలు కంఠతా పట్టి, నర్సింగు చదువుకున్న ఒక సహోదరి ఇప్పుడు ఇంగ్లండులో సముద్రం ఒడ్డున ఉన్న ఒక పట్టణంలో వృద్ధుల ఆశ్రమంలో పనిచేస్తోంది. రెండు వారాల క్రితం ఆదివారం రాత్రి ప్రార్థన కోసం ఫోను చేసింది. గొంతు వినగానే ఆమెకు నిద్ర లేదని తెలిసిపోయింది. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే మనిషి. ఉండేది మూడంతస్తుల ఇంట్లో పై వాటా. సరిగ్గా ఆమె పడకగది మీద, పొగగొట్టం పక్కన, ఒక సీగల్ జంట గూడు కట్టి పిల్లలు చేసింది. జూన్ నెలలో అక్కడ తెల్లవారుజామున నాలుగింటికే వెలుతురు వస్తుంది, రాత్రి పది దాకా పోదు. వెలుతురు ఉన్నంతసేపూ అరుపులేనట. "మన ఊళ్ళో కాకులు నయం అయ్యగారూ, అవి అరిచి ఎగిరిపోతాయి. ఇవి మనుషులు ఏడ్చినట్టు అరుస్తాయి" అంది.

ఇక పిల్లవాడి సంగతి. ఆరేళ్ళ వాడు. బీచి దగ్గర వాడి చేతిలోని బంగాళాదుంప ముక్కను, మన దగ్గర గద్ద కోడిపిల్లను తన్నుకుపోయినట్టు, వెనకనుంచి వచ్చి తన్నుకుపోయింది ఒక సీగల్. వేలు గీరుకుని రక్తం వచ్చింది. అప్పటినుంచి వాడు బయట ఏమీ తినడు. ఇప్పుడు గూట్లో పిల్లలు ఉన్నాయి గనుక, గేటు దాటేవాళ్ళ తల మీదికి తల్లిపక్షి దూసుకొస్తోంది. బడికి పోనని గోల.

ఆ ఇంట్లో ఉండే మిగతావాళ్ళకూ ఇదే బాధ. అందరూ కూడి ఒక మాట అనుకున్నారట. ఎవరో తెలిసిన మనిషి ఒక సాయంత్రం నిచ్చెన వేసుకుని పైకెక్కి, గూడునూ పిల్లలనూ సంచిలో వేసి తీసుకుపోతాడు. తలా కొంత డబ్బు వేసుకోవాలి. అందరికీ సమ్మతమే అని ఒక కాగితం మీద సంతకాలు పెట్టాలి. "అయ్యగారూ, పెట్టొచ్చా? పాపమేం కాదు కదా?" అని అడిగింది.

మేము క్షణం కూడా ఆలోచించలేదు. "పక్షులే కదమ్మా. బిడ్డ ముఖ్యం. పెట్టేయి" అన్నాం. ప్రార్థన చేసి ఫోను పెట్టేశాం.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఎందుకో ఇప్పుడు చెబుతాం. ఇది ఇంతవరకూ సంఘంలో ఎవరికీ చెప్పలేదు.

ఆరేళ్ళ క్రితం మన మందిరానికి సున్నాలు వేయించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మందిర ప్రతిష్ఠ పండుగ దగ్గరికొచ్చింది. వెంటిలేటర్లలో పావురాలు చేరి, బల్లల మీదా బలిపీఠం గుడ్డ మీదా రెట్టలు వేస్తున్నాయి. పిలిచిన దైవజనుల ముందు పరువు పోతుందని మా దిగులు. శనివారం మధ్యాహ్నం ఒక పనివాణ్ణి పిలిపించి అన్ని వెంటిలేటర్లకూ బయటనుంచి ఇనుప జాలీ కొట్టించాం. అతను ఒకచోట ఆగి, "అయ్యగారూ, లోపల ఏవో ఉన్నట్టున్నాయి" అన్నాడు. పొద్దుపోతోంది, పండుగ పనులు చాలా ఉన్నాయి. "కొట్టేయి బాబూ" అన్నాం.

ఆదివారం ఆరాధన బాగా జరిగింది. మధ్యలో పైనుంచి సన్నగా కిచకిచ వినబడింది. వెనక వరుసలో కూర్చునే ఒక పెద్దమ్మ రెండుసార్లు తలెత్తి చూసింది. మాకూ వినబడింది. మైకు శబ్దం పెంచమన్నాం. సోమవారం, మంగళవారం కూడా ఆ చప్పుడు ఉంది. బుధవారం స్త్రీల కూటానికి తాళం తీసేసరికి లేదు. శుక్రవారానికి వాసన మొదలైంది. నిచ్చెన వేసుకుని మేమే ఎక్కి జాలీ ఊడదీశాం. లోపల రెండు పావురం పిల్లలు, ఇంకా ఈకలు సరిగా రానివి. జాలీకి బయటివైపు తీగల్లో తల్లి ఈకలు ఇరుక్కుని ఉన్నాయి. ఎన్నిసార్లు వచ్చి కొట్టుకుందో. పిల్లల్ని మందిరం వెనక పాతిపెట్టి, చేతులు కడుక్కుని, భోజనానికి ఇంటికి వెళ్ళాం. ఆ పూట ప్రార్థన చేయలేకపోయాం.

అదే మనిషి ఆరేళ్ళ తరువాత ఫోనులో "పక్షులే కదమ్మా" అన్నాడు.

తెల్లవారగానే ఆ బిడ్డకు వాయిస్ మెసేజ్ పెట్టాం. "అమ్మా, సంతకం పెట్టొద్దు. మాకు రెండు రోజులు టైమివ్వు" అని. తరువాత ఆ పక్షి గురించి దొరికినంతా చదివాం. వాక్యమూ చదివాం. ఆ రెండూ కలిపి ఇక్కడ మీ ముందు పెడుతున్నాం.

కొందరు దీన్ని సముద్రపు కాకి అంటారు. చలికాలంలో మన కాకినాడ తీరానికీ పులికాట్ సరస్సుకూ వచ్చే గల్స్ వేరే జాతులు. వాటిలో చాలావరకు హిమాలయాల అవతలి సరస్సుల దగ్గర గూళ్ళు పెట్టుకుని, ఇక్కడికి చలి తప్పించుకోవటానికి వస్తాయి. అందుకే మన ఇళ్ళ మీద గొడవ లేదు. ఇంగ్లండు పట్టణాల్లో కప్పుల మీద ఉండేది ఎక్కువగా హెర్రింగ్ గల్. బరువు కిలోకి అటూ ఇటూ, రెక్కలు చాపితే నాలుగున్నర అడుగులు. పసుపు ముక్కు, దాని కింది భాగంలో ఒక ఎర్రటి చుక్క. ఆ చుక్క మీద పిల్ల ముక్కుతో పొడిస్తే తల్లి తిన్నది కక్కి పెడుతుంది. నికో టిన్‌బర్గెన్ అనే శాస్త్రవేత్త దీని మీద పరిశోధనలు చేశారు. పక్షుల, జంతువుల ప్రవర్తన మీద చేసిన పనికి ఆయనకు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒక ఎర్రచుక్క చూసి నోరు తెరవాలని ఆ పిల్లకు ఎవరు నేర్పారో మనకు తెలుసు.

ఇంతకీ ఈ పక్షి ఊళ్ళోకి ఎందుకు వచ్చింది? మాకు ఇదే ముఖ్యమైన ప్రశ్న అనిపించింది. సముద్రపు కొండచరియల మీద గూడు కట్టుకోవటం దీని పుట్టు అలవాటు. 1940ల నుంచి పట్టణాల కప్పుల మీద కట్టుకోవటం పెరిగింది. 1956లో అక్కడ గాలి శుభ్రత కోసం ఒక చట్టం చేశారు. అప్పటిదాకా తగలబెడుతున్న చెత్తను ఊరి బయట గుట్టలుగా పోసి పూడ్చటం మొదలైంది. మనిషి తినగా పారేసిన తిండి ఆ గుట్టల్లో ఏడాది పొడవునా దొరుకుతుంది. ఊళ్ళో ఎత్తయిన కప్పులు కొండచరియల్లాంటివే. పైగా వెచ్చగా ఉంటాయి, నక్క ఎక్కి రాదు. వీధుల్లో నల్లటి ప్లాస్టిక్ సంచుల్లో చెత్త రాత్రంతా బయట ఉంటుంది. ఇవన్నీ కలిపి చూస్తే దాన్ని పిలిచింది మనిషే. పీట వేసి, విస్తరి వేసి, వచ్చి కూర్చున్నాక దొంగ అంటున్నాం.

ఇంకొక విషయం మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. అంత గోలచేసే ఈ పక్షి ఎక్కడ చూసినా ఉందనిపిస్తుంది గానీ, నిజానికి ఆ దేశంలో తగ్గిపోతున్న పక్షుల్లో ఇది ఒకటి. 2009 నుంచి హెర్రింగ్ గల్ అక్కడి ఎర్ర జాబితాలో ఉంది. కొండచరియల మీది గూళ్ళు బాగా తగ్గిపోయాయి. మిగిలినవి కొన్ని మన బిడ్డ పడకగది మీదికి చేరాయి.

అక్కడి చట్టం కూడా తెలుసుకున్నాం. 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అడవిపక్షిని కావాలని చంపినా, గాయపరిచినా, వాడుకలో ఉన్న గూటిని పాడుచేసినా, గుడ్లు తీసినా నేరం. జరిమానాకు పరిమితి లేదు, ఆరు నెలల వరకు జైలు కూడా పడవచ్చు. ప్రజల ఆరోగ్యానికీ భద్రతకూ నిజంగా ప్రమాదమైతే ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకోవాలి. నిద్ర పట్టటం లేదని నిచ్చెన వేసుకోవటానికి వీల్లేదు. పని వీసా మీద ఉన్న బిడ్డ చేత, నేరానికి మేమంతా సమ్మతమే అన్న కాగితం మీద మేము సంతకం పెట్టించబోయాం! ఇది తలచుకుంటే ఇప్పటికీ గుండె దడ పుడుతోంది. సంఘకాపరులు తెలియని విషయంలో "తెలుసుకుని చెబుతానమ్మా" అనటం నేర్చుకోవాలి. ముందుగా మేమే నేర్చుకోవాలి.

అయితే చట్టం ఒప్పుకోదు గనుక మానేయమని చెప్పి ఊరుకుంటే అది కాపరి పని కాదు, గుమాస్తా పని. వాక్యం ఏం చెబుతుంది?

లేవీయకాండము 11వ అధ్యాయంలో తినకూడని పక్షుల జాబితా ఉంది. అందులో ఒక హెబ్రీ పేరును పాత ఇంగ్లీషు తర్జుమా కోకిల జాతి పక్షిగా చెప్పింది, కొత్త తర్జుమాలు కొన్ని సీగల్ అంటున్నాయి. అంటే అప్పటి ప్రజలకు ఈ పక్షి తెలిసి ఉండొచ్చు. అపవిత్రమైనది అన్నారే గానీ చంపమనలేదు. తినకూడదు అంటే దాని జోలికి పోవద్దనే కదా. ఇది మా సొంత చమత్కారం, సిద్ధాంతంగా పట్టుకోకండి.

అసలు మాట ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఉంది. 6, 7 వచనాలు మీ బైబిలు తెరిచి చదవండి. దారిలో చెట్టు మీద గానీ నేల మీద గానీ నీకు పక్షిగూడు కనబడితే, తల్లి పిల్లల మీదో గుడ్ల మీదో కూర్చుని ఉంటే, తల్లినీ పిల్లల్నీ కలిపి తీసుకోకూడదు. తల్లిని తప్పక విడిచిపెట్టాలి. అలా చేస్తే నీకు మేలు కలుగుతుంది, దీర్ఘాయుష్షు కలుగుతుంది. ఈ వాగ్దానం ఎక్కడో విన్నట్టు లేదూ? తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞకు ఇచ్చిన వాగ్దానం ఇదే. యూదు బోధకులు ఈ పక్షిగూటి ఆజ్ఞను చాలా తేలికైన ఆజ్ఞగా లెక్కించారు, ఒక చిన్న కాసు ఖరీదు చేసేదని. విచిత్రం ఏమిటంటే మత్తయి 10వ అధ్యాయంలో ప్రభువు రెండు పిచ్చుకల ధర చెప్పినప్పుడు వాడిన కాసు కూడా ఆ కాసే. అంత చవకైన ప్రాణికీ, కన్నవారికీ ఒకే వాగ్దానం ఇచ్చాడు దేవుడు.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ఆజ్ఞ పిల్లల్ని తీసుకోవటాన్ని నిషేధించలేదు. తల్లిని వదిలితే పిల్లల్ని తీసుకోవచ్చు అంటుంది. దీన్ని మనకు అనుకూలంగా సాగదీయకూడదు. కాని అది ఆకలితో దారిన పోయే మనిషికి చెప్పిన మాట. ఆకలిగా ఉన్నవాడి చేతికే దేవుడు హద్దు గీశాడు. మన సహోదరికీ ఆమె ఇరుగుపొరుగుకూ ఆకలి లేదు. గూట్లోవాటిని తినబోవటం లేదు, సంచిలో వేసి పారేయబోతున్నారు. ఆకలిగొన్నవాడికే హద్దు ఉంటే చిరాకుపడ్డవాడికి ఎంత హద్దు ఉండాలి?

ఇప్పుడు ఆ వెంటనే ఉన్న 8వ వచనం చూడండి. బైబిలు కళాశాలలో చదివే రోజుల్లో ఈ అధ్యాయాన్ని సంబంధం లేని చిన్న చిన్న ఆజ్ఞల మూట అని చెప్పగా విన్నాం, మేమూ అలాగే బోధించాం. పక్షిగూడు తరువాత వెంటనే వచ్చేది కొత్త ఇల్లు కట్టేవాడికి ఆజ్ఞ. కప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలి. ఎవరైనా పడి చస్తే ఆ రక్తదోషం ఇంటివాడి మీదికి వస్తుంది. గూడు, ఆ వెంటనే కప్పు. మన తెలుగులో ఆ గోడ పేరులోనే పిట్ట ఉంది. పిట్టకథలో లాగా చిన్నది అనే అర్థమే కావచ్చు, అయినా ఆ రాత్రి దీపం దగ్గర ఆ మాట చూసి మేము చాలాసేపు కదలలేకపోయాం.

మా అభిప్రాయం ఇది. ఈ రెండు ఆజ్ఞలకూ వేళ వేరు. పిట్టగోడ ముందుగా చేసే పని, ఎవరూ పడకముందే, ఇల్లు కట్టేటప్పుడే. గూడు కనబడ్డాక చేయవలసింది వేరే, చెయ్యి వెనక్కి తీసుకోవటం. మనం చేసే తప్పు ఈ రెండిటినీ తారుమారు చేయటం. ముందు చేయవలసిన పని సోమరితనంతో వదిలేస్తాం, గూట్లో ప్రాణం పడ్డాక హడావుడిగా జాలీ తెచ్చి కొడతాం. మందిరం మీద మేము చేసింది అదే. ఆ ఇంటివాళ్ళు చేయబోయిందీ అదే.

దీనికి మీలో కొందరు చెప్పబోయే జవాబు మాకు తెలుసు. అనేకమైన పిచ్చుకల కంటే మీరు శ్రేష్ఠులని ప్రభువే చెప్పాడు కదా, పక్షి కోసం బిడ్డను బాధపెడతామా? నిజమే, చెప్పాడు. లూకా 12వ అధ్యాయంలో అయిదు పిచ్చుకలు రెండు కాసులకు. మత్తయిలో రెండు ఒక కాసుకు. అంటే రెండు కాసులకు నాలుగు రావాలి, అయిదోది కొసరు. బజారులో కూరగాయలామె మీద పడేసే కరివేపాకు రెమ్మలాంటిది. ఆ కొసరు పిచ్చుకను కూడా దేవుడు మరచిపోలేదన్నదే అక్కడి మాట. మనిషి విలువ ఎక్కువని చెప్పటానికి పిచ్చుక విలువను ఆయన సున్నా చేయలేదు. దాని మీద ఆనించే మన విలువ చెప్పాడు. పిచ్చుకను తీసేస్తే ఆ మాటే నిలబడదు.

బిడ్డ బాధను మేము తక్కువ చేయటం లేదు. నిద్రలేని నర్సు చేతిలో ముసలివాళ్ళ మందుల ట్రే ఉంటుంది, అది చిన్న సంగతి కాదు. 2015లో అక్కడ పెంపుడు జంతువులను సీగల్స్ చంపాయని పత్రికల్లో గగ్గోలు లేస్తే, అప్పటి ప్రధాని డేవిడ్ కామెరాన్ కూడా దీని మీద పెద్ద చర్చ జరగాలన్నాడు. కాబట్టి బాధ నిజమే. బాధ నిజమైతే దానికి పనిచేసే మందు వేయాలి. సంచిలో వేసి పారేస్తే వచ్చే ఏడు అదే పొగగొట్టం దగ్గర ఇంకొక జంట వచ్చి కూర్చుంటుంది. ఎందుకంటే కప్పు అలాగే ఉంది, చెత్త సంచి అలాగే ఉంది.

మరి ఏం చేయాలి? మేము తెలుసుకుని ఆమెకు చెప్పింది ఇది. మొదటిది, లెక్క వేసుకోవటం. ఈ పక్షి సాధారణంగా మూడు గుడ్లు పెడుతుంది. నాలుగు వారాలు పొదుగుతుంది. పిల్లలు అయిదారు వారాల్లో ఎగురుతాయి. పిల్లలు అప్పటికే బయటికొచ్చాయి గనుక, జూలై ఆఖరుకు గోల చాలావరకు సద్దుమణుగుతుంది. ఓర్చుకోవలసింది కొన్ని వారాలు. ఎంతకాలమో తెలిస్తే ఓర్పు తేలికవుతుంది. కడుపుతో ఉన్న ప్రతి తల్లికీ ఇది తెలుసు.

తల మీదికి దూసుకొచ్చేది తిండి కోసం కాదు, పిల్లల కోసం. గొడుగు వేసుకుని వెళితే చాలు. చెయ్యి పైకెత్తి నడిచినా ఎత్తుగా ఉన్నదాని వైపే వస్తుంది. పిల్ల జారి పెరట్లో పడితే ఎత్తుకుని ఇంట్లోకి తేకూడదు. తల్లిదండ్రులు పైనుంచి వచ్చి దానికి తిండి పెడతాయి. కుక్కో బండో ప్రమాదమనుకుంటే దగ్గర్లోని సురక్షితమైన చోట పెట్టి తప్పుకోవాలి.

చేతిలోది లాక్కునే సంగతికి ఒక మంచి మాట దొరికింది. ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో ఒక పరిశోధన ప్రచురించారు. బంగాళాదుంప వేపుళ్ళ సంచి దగ్గర పెట్టుకుని మనిషి సీగల్ వైపే కళ్ళు పెట్టి చూస్తే, అది దగ్గరికి రావటానికి సగటున 21 సెకన్లు ఎక్కువ తీసుకుందట. చాలా పక్షులు అసలు రానేలేదట. మనిషి ముట్టుకున్న తిండి మీదే వాటికి ఎక్కువ ఆశ అని ఆ తరువాతి పరిశోధన చెప్పింది. అంటే అవి మనల్ని గమనిస్తున్నాయి. గోడకు వీపు ఆనించి కూర్చుని, పక్షి కళ్ళలోకి చూస్తూ తినమని పిల్లవాడికి చెప్పాం. ఇది వాడికి ఆటలా తోచింది.

చెత్త సంగతి అందరూ కలిసి చేయాలి. ప్లాస్టిక్ సంచి కాకుండా మూతున్న డబ్బాలు, లేదా ముక్కుతో చింపలేని గట్టి సంచులు కావాలని మునిసిపాలిటీని అడగాలి. బీచిలో సరదాకి చిరుతిళ్ళు విసిరేవాళ్ళను ఆపాలి. ఈస్ట్ డెవన్ అనే జిల్లాలో 2017లో బీచిల దగ్గర సీగల్స్‌కి తిండి వేయటాన్ని నిషేధించారు. ఒకడి సరదా ఇంకొకడి పిల్లవాడి వేలు మీద రక్తం అవుతోంది మరి.

ప్లాస్టిక్ గుడ్లగూబ బొమ్మలు కప్పు మీద పెడతారట. వాటి మీద మాకు నమ్మకం లేదు. మన పొలాల్లో బెదురుబొమ్మ సంగతి తెలిసిందే కదా, మూడో రోజుకు కాకి వచ్చి దాని తల మీదే వాలుతుంది.

ముఖ్యమైన పని చలికాలానిది. పక్షులు వెళ్ళిపోయాక, గూడు ఖాళీ అయ్యాక, మళ్ళీ వసంతంలో అవి జాగా చూసుకునే లోపల పాత గూడు తీసేసి, పొగగొట్టం చుట్టూ తీగలు కట్టించాలి, లేదా సరైన వల బిగించాలి. అది కూడా పని తెలిసినవాళ్ళ చేత చేయించి, ఏటా చూసుకోవాలి. వదులైన వలలో కాలు చిక్కి పక్షులు వేలాడి చస్తాయి. ఆ రకం చావు మాకు తెలుసు. కట్టబోయే చందా అప్పుడు కట్టమన్నాం, సంతకం అప్పుడు పెట్టమన్నాం.

ఇది జరగని పని కాదు. ఇంగ్లండు ఈశాన్యాన టైన్ నది పక్కన గేట్స్‌హెడ్‌లో ఒక పాత పిండిమిల్లు ఉండేది. దాని గోడల మీద కిట్టివేక్ అనే చిన్న జాతి గల్స్ గూళ్ళు కట్టుకునేవి. ఆ మిల్లును చిత్రకళా భవనంగా మార్చాలనుకున్నప్పుడు, 1998లో ఆ పక్షుల కోసమే అరలు పెట్టి ఒక గోపురం కట్టారు. తరువాత దాన్ని నదిలో కొంచెం కిందికి జరిపారు. మనుషులకు భవనమూ దక్కింది, పక్షులకు గోడా దక్కింది. ఆ కట్టినవాళ్ళు 22వ అధ్యాయం చదివారో లేదో గానీ 8వ వచనం మాత్రం నెరవేర్చారు.

మనకు ఇది కొత్త కూడా కాదు. కోతలయ్యాక వరి కంకుల కుచ్చు అల్లి చూరుకు వేలాడదీసి పిచ్చుకలకు వదిలిన ఇళ్ళలో మనలో చాలామంది పుట్టాం. కప్పులు స్లాబులయ్యాక చూరు పోయింది, కుచ్చు పోయింది.

సహోదరి సంతకం పెట్టలేదు. చట్టం సంగతి చెబితే పక్క వాటాలో ఉన్న ఆంగ్లేయురాలైన ఒక పెద్దావిడ, "నేను ముందునుంచీ అదే అనుకుంటున్నాను, ఒక్కదాన్నే ఎలా చెప్పను?" అందట. ఇంకొకరికి కోపం వచ్చి మాట్లాడటం మానేశారు. నిచ్చెన మనిషి ఇప్పటికైతే రాలేదు. ఇంటి యజమానికి చలికాలపు పని కోసం అందరూ కలిసి ఉత్తరం రాశారు, జవాబు ఇంకా లేదు. ఆమె నిద్ర పెద్దగా మెరుగుపడలేదు. చెవుల్లో దూది పెట్టుకుంటోంది. మందులిచ్చే చేతులు గనుక ఆమె కోసం పేరు పెట్టి ప్రార్థించండి. పిల్లవాడు బొమ్మల గొడుగు వేసుకుని బడికి వెళుతున్నాడు. కప్పు మీద మూడు పిల్లలున్నాయని, ఒకటి కుంటుతోందని మొన్న వీడియోలో మాకు లెక్క చెప్పాడు.

ఇక మన మందిరం. ఆ ఏడు ఊడదీసిన జాలీ ఇప్పటికీ వెనక గదిలోనే తుప్పు పట్టి ఉంది. పావురాలు మళ్ళీ చేరాయి, బల్లలు మళ్ళీ పాడవుతున్నాయి. సంఘపెద్దలు జాలీ కొట్టిద్దామని పోయిన కమిటీలో అడిగారు. నిన్న మేము నిచ్చెన వేసి చూశాం. తూర్పువైపు రెండు వెంటిలేటర్లలో గుడ్లున్నాయి, ఒకదాంట్లో పిల్లలున్నాయి, మిగతావి ఖాళీ. ఖాళీవి ఈ వారం మూసేస్తాం. ఆ మూడూ పిల్లలు ఎగిరాక, మేమే ఎక్కి చెయ్యి పెట్టి చూశాక. అప్పటిదాకా శనివారం సాయంత్రం తూర్పువైపు బల్లలు తుడవటానికి వంతులు వేసి తలుపు దగ్గర కాగితం అంటించాం. మొదటి రెండు వారాలు మావి.